గొడ్డొచ్చిన వేళ... బిడ్డొచ్చిన వేళ!

ఇంట్లో అందరికంటే ముందు లేచేవాడు. అందరి తర్వాత తినేవాడు. కొట్టంలో గొడ్లకు మేత పడనిదే తను ముద్ద ముట్టేవాడు కాదు. వికారాబాద్, తాండూరు పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఇంటికొకరుగా కనిపించిన ఆ మనిషి ఇప్పుడు చాలా ఇళ్లలో గోడ మీద పటమయ్యాడు. గొడ్లనూ బిడ్డలనూ ఒకే చేత్తో సాకిన ఆ నాయిన జ్ఞాపకాలివి...

'గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ' అంటారు పెద్దలు. ఇంటికి కొత్తగా పశువు వచ్చిన ఘడియ, బిడ్డ వచ్చిన ఘడియ ఆ ఇంటి రాతను మారుస్తాయని నమ్మకం. ఆ సామెతలో గొడ్డు ముందు, బిడ్డ తర్వాత. ఊరికే ప్రాస కోసం అలా అన్నారనుకుంటే పొరపాటే! బర్రె పాలిస్తేనే పిల్లల కడుపు నిండేది. ఎడ్లు దుక్కి దున్నితేనే పిల్లలు బడికి వెళ్లేది. ఈ లెక్క తెలిసిన రైతు కొట్టాన్నీ ఇంటినీ వేరుగా చూడలేదు.

ఇది ఏ ఒక్కరి జీవిత చరిత్రో కాదు. అనంతగిరి గుట్టల కింద, కాగ్నా ఒడ్డున, తాండూరు నల్లరేగళ్లలో పశువులను నమ్ముకుని సంసారాన్ని గట్టెక్కించిన ఒక తరం కథ.

జిల్లాలు మారాయి, కొట్టం మారలేదు

తాండూరు ప్రాంతంలో 1950ల మొదట్లో పుట్టిన రైతును ఊహించుకోండి. ఆయన పుట్టేనాటికి తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉంది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టింది. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అయింది. ఇన్నిసార్లు చిరునామా మారినా ఆయన మాత్రం అదే ఊళ్లో, అదే కొట్టంలో, అదే గాడి ముందు నిలబడి ఉన్నాడు!

ఆయన చదువు కూడా గొడ్ల వెంటే మొదలైంది. పలక పట్టాల్సిన వయసులో చాలామంది చేతికి ములుకోల వచ్చింది. ఏ వాగులో నీళ్లు ఎన్నాళ్లు ఉంటాయో, ఏ ఆకు తింటే కడుపు ఉబ్బుతుందో అడవే నేర్పింది. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు, హైదరాబాద్ వైపు పోతుంది. కాగ్నా పడమటికి పారి కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. ఈ రెండు నీళ్ల నడుమ నేలలోనే ఆయన బతుకంతా గడిచింది.

మేత కూడా ఈ నేల ఇచ్చిందే. యాసంగిలో జొన్న పండితే గింజ ఇంటికి, చొప్ప కొట్టానికి. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిలోనూ గొడ్లకు వాటా ఉంది. పప్పు మనుషులకు పోతే పొట్టు, చున్నీ బర్రెల కుడితిలో కలిసేవి. దేశమంతా ఇళ్లలో పరుచుకునే తాండూరు నాపరాయి ఇక్కడి కొట్టాల్లోనూ కనిపిస్తుంది. ఆ బండ మీద గొడ్డు కాలు జారకుండా చొప్ప పరిచాకే ఆయన పడుకునేవాడు.

నోరు తెరిచి వయసు చెప్పేవాడు

సంతకు వెళ్తే ఆయన దర్జానే వేరు! సదాశివపేట, సర్దార్‌నగర్ లాంటి పశువుల సంతల్లో కోడెను చూడగానే ముందు దాని నోరు తెరిచేవాడు. రెండు పళ్లు వేస్తే రెండేళ్లు దాటినట్టు. ఎనిమిది పళ్లూ నిండితే నాలుగేళ్లు దాటినట్టు. ఆ తర్వాత కొమ్ములు, గిట్టలు, మూపురం, తోక. నడిపించి చూశాకే బేరం. ఆ బేరం కూడా చెవికి వినపడదు. తువ్వాల కింద దళారి వేళ్లు పట్టుకుని వేలికింత అని లెక్క కట్టాల్సిందే. పక్కవాడికి ధర తెలియదు. మాట కుదిరిందంటే మాత్రం వెనక్కి పోయేది లేదు.

సరిహద్దుకు అవతల లాతూర్, బీదర్ ప్రాంతాల దేవని జాతి ఎడ్లంటే ఆయనకు మోజు. దున్నడానికి ఎద్దు, పాలకు ఆవు... రెండిటికీ అక్కరకొచ్చే జాతి అది. వాటి కోసం వెళ్లేవాడికి కన్నడం, మరాఠీ, ఉర్దూ బేరమాడేంత వచ్చి తీరాల్సిందే. బడికి వెళ్లని మనిషి నాలుగు భాషల్లో లెక్కలు చెప్పేవాడంటే పిల్లలకు నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

జున్ను ముందు దూడకే

చూడి బర్రెకు నెలలు నిండాయంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆవుకు తొమ్మిది నెలలు దాటాక, బర్రెకు పది నెలలు దాటాక ఆయన మంచం కొట్టంలోకి మారేది. లాంతరు పక్కన పెట్టుకుని రాత్రంతా కాపలా. దూడ బయటపడగానే ముక్కు, మూతి తుడిచి, తల్లి ముందు వేసి, పొదుగు దగ్గరికి చేర్చేవాడు. పుట్టిన గంట రెండు గంటల్లో తాగే జున్నుపాలే దూడకు రోగాలను తట్టుకునే శక్తినిస్తాయని పశువైద్యులు చెబుతారు. ఆయన ఆ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు. గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్లలతో మాత్రం 'దూడ తాగినంక మీకు' అనేవాడు. పాలు పిండేటప్పుడూ అంతే. మూడు చన్లు ఇంటికి, ఒక చన్ను దూడకు. ఆకలితో ఉన్నవాడిని చూసి ముందు వాడికి పెట్టాలన్న బుద్ధి పిల్లలకు అక్కడే అబ్బింది.

ఇంటిల్లిపాదీ తిరుపతి ప్రయాణం కట్టినా ఆయన ఆగిపోయేవాడు. 'నేనొస్తే పాలెవరు పిండుతరు?' అన్నది ఒకటే మాట. బంధువుల పెళ్లిలో అక్షింతలు వేసి, భోజనాల వేళకు ఇంటిదారి పట్టేవాడు. దాని మీద ఇంట్లో అలకలు లేకపోలేదు. 'నీకు మాకన్నా బర్రెలే ఎక్కువ' అని భార్య, బిడ్డలు దెప్పిన రోజులున్నాయి. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్లేవాడు.

ఆ కొట్టంలో సగం చాకిరీ ఇల్లాలిదే. పెండ తీసేది, కుడితి కలిపేది, పెరుగు చిలికి నెయ్యి కాచేది ఆమె. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి కట్టే డబ్బులు ఆయన పేరిట వచ్చినా, ఆ డబ్బుతో పుస్తకాలు, బట్టలు, మందులు సమకూర్చింది ఆమే. నాయినను తలుచుకున్నప్పుడల్లా అమ్మనూ తలుచుకోవాల్సిందే.

జోడెడ్లు పోయిన రోజు

రైతుకు పశువే బ్యాంకు. 1972 కరువులోనైనా, 2002 కరువులోనైనా పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టింది పాడే. అదీ ఎండిపోతే అమ్ముకోవడమే. బిడ్డ పెళ్లి కుదిరినా, కొడుక్కి పట్నంలో కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినా ముందు చూపు పడేది ఎడ్ల మీదే. పేర్లు పెట్టి పిలుచుకున్న జోడెడ్లను సంతకు తోలుకుపోయిన రోజు ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తెచ్చిన డబ్బు భార్య చేతికిచ్చి, ఉత్త పలుపులను కొట్టంలో చిలక్కొయ్యకు తగిలించేవాడు. పెళ్లి ఫొటోల్లో బిడ్డ పక్కన నవ్వుతూ నిలబడ్డ తండ్రి ఏం అమ్మి ఆ పందిరి వేశాడో చాలామంది ఆడపిల్లలకు ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

కొడుకు చదువుకున్నాడు. 1874 నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా నడుస్తున్న రైలెక్కి హైదరాబాద్ చేరాడు. ఉద్యోగం వచ్చింది. తండ్రి కోరుకున్నదీ అదే. 'నా లెక్క పెండ ఎత్తొద్దు బిడ్డా' అన్న నోటితోనే, సాయంత్రం ఒంటరిగా బర్రెల దగ్గర కూర్చుని 'నా తర్వాత మిమ్మల్ని చూసేదెవరే?' అని అడిగేవాడు.

కోడె పుడితే సంబరం పోయింది

ఆ ప్రశ్నకు జవాబు లెక్కల్లో కనిపిస్తోంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుల సంఖ్య 2012 కంటే సుమారు 18 శాతం పెరిగింది. ఎడ్లు, కోడెలు మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దుతో పనిలేకుండా పోయింది. జొన్న తగ్గి పత్తి పెరిగిన చోట చొప్పకూ కరువొచ్చింది. ఒకప్పుడు కోడెదూడ పుడితే ఊరంతా చూడటానికి వచ్చేది. ఇప్పుడు పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యంతో సూదులు వేస్తున్నారు. దీన్ని తప్పు పట్టడానికి లేదు. మన దేశం 1998లో పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. చిన్న రైతుకు నెలనెలా చేతికి డబ్బు వచ్చే దారి అదే. పశువు చెవికి 12 అంకెల బిళ్ల వచ్చింది. గాలికుంటుకు ఉచితంగా టీకా వేస్తున్నారు.

కానీ బిళ్లలో అంకె ఉంటుంది, పశువు గుణం ఉండదు. ఏ బర్రెకు ఎడమ వైపు కూర్చుంటేనే చేపుతుందో, ఏ ఆవు పెద్ద వాన ముందు మేత మానేస్తుందో ఆయన తలలోనే ఉండేది. ఎవరూ రాసుకోలేదు. ఆయన పోయిన కొన్ని నెలలకే పశువులను అమ్మేసిన ఇళ్లు ఎన్నో! కొట్టంలో ఇప్పుడు మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు.

పున్నమి ఎడ్లది, అమాస పెద్దలది

ఏరువాక పున్నమి వస్తే ఆయన ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టేవాడు. ఇంట్లో చేసిన బచ్చాల్లో మొదటిది ఎడ్లకే. ఎడ్లు లేని ఇళ్లలో మట్టి ఎడ్లకు పూజ చేసి ఆ ముచ్చట తీర్చుకుంటున్నారు.

ఆ తర్వాత భాద్రపదంలో పెత్రమాస వస్తుంది. పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే రోజు. పట్నం నుంచి కొడుకులు, కోడళ్లు, మనవలు ఊరికి చేరతారు. పటం ముందు ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. ఆ రోజు మనవలకు తాత గురించి ఒక్క సంగతైనా చెప్పాలి. దూడ తాగినంకే పిల్లలకు జున్ను పెట్టిన సంగతి. పెళ్లికి అమ్మిన జోడెడ్ల పేర్లు. ఆయన ఇంకా బతికే ఉన్న ఇళ్లు అదృష్టం చేసుకున్నాయి. అక్కడ పెత్రమాస దాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారమే ఊరికి పోయి, కొట్టంలో ఆయన పక్కన కాసేపు కూర్చుంటే చాలు. పెండ వాసనకు ముక్కు మూసుకోకుండా వింటే, అడగకముందే అన్నీ ఆయనే చెబుతాడు.