ఇంటి కంప్యూటరు: రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

మండల వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయము), వైరా

పంట పండించుట ఎంత ముఖ్యమో, దాని లెక్కలు వ్రాసి భద్రపరచుకొనుటయు అంతే ముఖ్యము. పూర్వము ఈ లెక్కలు ట్రంకుపెట్టెలోని చిట్టా పుస్తకములో ఉండెడివి. నేడు వైరా రిజర్వాయరు క్రింది ఆయకట్టు గ్రామములలోను, మెరక పొలముల గ్రామములలోను పెక్కు ఇండ్లకు కంప్యూటరు వచ్చినది. పిల్లల చదువు కొరకు కొన్నదే అయినను, పట్టాదారు పాసుపుస్తకపు నకలు, విత్తనముల బిల్లులు, మిర్చి, పత్తి అమ్మిన తక్‌పట్టీలు, కూలీల లెక్కలు క్రమముగా అందులోనికే చేరుచున్నవి. కౌలు రైతునకు ఇవి మరింత విలువైనవి. పెట్టుబడి ఎంత పెట్టినది, అప్పు ఎంత తెచ్చినది, ఎంత తీర్చినది చూపుటకు అతనికి తరచు వేరొక ఆధారము ఉండదు. చెడిన యంత్రమును మరల కొనవచ్చును. పోయిన లెక్కను కొనలేము. కావున ఈ క్రింది జాగ్రత్తలు గమనింపవలెను.

కరెంటు హెచ్చుతగ్గులు

మనము వ్రాసిన దానిని కంప్యూటరు తన డిస్కులో భద్రపరచుచుండగా కరెంటు పోయినచో, ఆ ఫైలు సగములో నిలిచిపోయి తిరిగి తెరచుకొనకపోవచ్చును. పోయిన కరెంటు వచ్చునపుడు మరియొక చిక్కు కలదు. ఇండ్లకు, బావి మోటార్లకు ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోట ఆటో స్టార్టర్లు బిగించిన మోటార్లన్నియు ఒక్కసారిగా కదలును. మోటారు కదలునపుడు మామూలుగా తీసికొను కరెంటునకు ఐదారు రెట్లు లాగును. అందువలన వోల్టేజి పడిపోయి, కొంతసేపటికి గాని కుదుటపడదు. కరెంటు వచ్చిన ఐదు నిమిషముల తరువాతనే కంప్యూటరు వేయుట మంచిది.

బ్యాటరీ లేని డెస్క్‌టాప్ కంప్యూటరునకు యు.పి.ఎస్. అవసరము. అది గంటల కొలది పని చేయుటకు కాదు. పని భద్రపరచి, యంత్రమును క్రమముగా ఆపుటకు వలసిన కొద్ది నిమిషముల వ్యవధి నిచ్చుటకు. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన పిన్ను ఎర్తు కొరకు. దానిని విరిచి వాడుట ప్రాణాపాయము. ఎర్తు గుంతలో వేసవియందు నీరు పోయుచుండవలెను. ఎండిన మన్ను కరెంటును సరిగా భూమిలోనికి పోనీయదు.

పిడుగు

వేసవి చివర ఈదురుగాలి వానలలోను, మృగశిర కార్తె తొలకరిలోను పిడుగు భయము హెచ్చు. యు.పి.ఎస్. గాని, స్టెబిలైజరు గాని పిడుగును ఆపలేవు. స్విచ్చి ఆపినంత మాత్రమున చాలదు; స్విచ్చిలోని సన్నని ఎడమును పిడుగు సులువుగా దాటును. ప్లగ్గు పెరికి ఉంచవలెను. ఇంటర్నెట్టు తీగ రాగిదైనచో దానిని కూడ ఊడదీయవలెను. పలువురు మరచునది దీనినే. మబ్బు పట్టగానే ఈ పని ముగింపవలెను. ఉరుములు దగ్గరపడిన పిమ్మట తీగలను ముట్టరాదు. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ దగ్గరలోని పిడుగుల గూర్చి హెచ్చరించును. పొలములో ఉన్నవారికిని అది ఉపయోగపడును.

ఎండ, దుమ్ము, ఎలుకలు

లాప్‌టాప్‌ను సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి గల గదిలో వాడుమని తయారుచేయువారు సాధారణముగా చెప్పుదురు. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల పగటి వేడి 40 డిగ్రీలు దాటును. రేకుల ఇంటిలో మధ్యాహ్నము కంప్యూటరు పని పెట్టుకొనరాదు. పరుపు మీద ఉంచిన లాప్‌టాప్‌నకు అడుగున గాలిదారి మూసుకొనిపోవును. పీటపైనో, పలకపైనో ఉంచవలెను. ఏరిన పత్తిని ఇంట నిలువచేయు దినములలో దాని పీచు యంత్రపు ఫ్యానుకు చుట్టుకొనును. పని లేనపుడు బట్ట కప్పవలెను. నడచునపుడు ఆ బట్ట తప్పక తీయవలెను. ప్లగ్గు తీసిన తరువాతనే మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపవలెను. ధాన్యపు బస్తాల ప్రక్కన కంప్యూటరు ఉంచినచో ఎలుకలు తీగలు కొరుకును.

నకళ్ళు

తెలిసిన రైతు విత్తనమంతయు ఒకే గాదెలో పోయడు. ముఖ్యమైన కాగితములకు మూడు ప్రతులు ఉండవలెను. ఒకటి కంప్యూటరులో, రెండవది పెన్ డ్రైవులోనో, విడి హార్డు డిస్కులోనో, మూడవది వేరొక ఊరిలో ఉన్న బంధువుల ఇంట. పని ముగిసిన తరువాత పెన్ డ్రైవును ఊడదీసి దాచవలెను. తగిలించి ఉంచినచో కంప్యూటరునకు వచ్చిన తెగులు దానికిని సోకును. వానాకాలపు, యాసంగి పంటల లెక్కలు ముగియగానే నకలు తీసి, తెరచి సరిచూచుకొనవలెను.

తెగులు అనుట ఊరక కాదు. 2017 మే నెలలో ‘వనాక్రై’ అను వైరస్ లోకమంతట వ్యాపించి, ఫైళ్ళకు తాళము వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దాని పాలైనవి. దానిని అడ్డగించు సవరణను మైక్రోసాఫ్ట్ కంపెనీ అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను. దానిని వేసికొనిన కంప్యూటర్లకు ఆ దారి మూసుకొనిపోయినది. అప్‌డేటులను వాయిదా వేయుట వలని నష్టము ఇట్టిది. విండోస్ 10 నకు ఆ కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అది వాడువారు కొత్తదానికి మారు ఏర్పాటు చేసికొనవలెను.

మోసములు

పి.ఎం. కిసాన్ పథకము క్రింద విడతకు రూ. 2,000 వచ్చునని అందరికి తెలిసినదే. ఆ పేరు చెప్పి వాట్సాప్‌లో ఎ.పి.కె. ఫైలు పంపువారు కలరు. దానిని తెరచినచో ఫోనే పరుల చేతిలో పడును. విడత సొమ్ము మాట అటుంచి, ఉన్న సొమ్ము పోవును. ఓ.టి.పి.ని ఎవరికిని చెప్పరాదు. డబ్బు పుచ్చుకొనుటకు యు.పి.ఐ. పిన్ను అవసరము లేదు; పిన్ను అడిగినచో మన డబ్బు తీయుటకే అని గ్రహింపవలెను. మోసపోయినచో సిగ్గుపడి దాచక, ఆ గడియలోనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో నిలుపుటకు అంత వీలు. పంట సలహా కొరకు తెలియని లింకులు నొక్కవలసిన పని లేదు. 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

గ్రామాధికారులు ఈ విషయములను గ్రామసభలో చదివి వినిపింపగలరు. ఇంట కంప్యూటరు నేర్చిన పిల్లలున్నచో, నకళ్ళు తీయు పని వారికి అప్పగింపుడు. రైతు సోదర సోదరీమణులు ఈ యాసంగి లెక్కలతోనే దీనిని ప్రారంభింపవచ్చును.