కథెడ్రల్ గోడ మీద రెండు జట్లు

ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ దీవిలో బకోలోద్ అనే ఊరుంది. చెరకుకి పేరున్న ప్రాంతం. 2013 ఫిబ్రవరి 21న ఆ ఊరి సాన్ సెబాస్టియన్ కథెడ్రల్ ముందుగోడకి రెండు ఫ్లెక్సీలు కట్టారు. ఒక్కోటి సుమారు 6 అడుగులకి 10 అడుగులు. మన దగ్గర ఎమ్మెల్యే గారి పుట్టినరోజుకి సెంటర్లో వెలిసేవాటి పక్కన పెడితే ఇవి పిల్లల కిందే లెక్క. ఒకదాని మీద, అంతకు రెండు నెలల ముందే సంతకమైన ఒక చట్టాన్ని చెత్తబుట్టలో పారెయ్యమని రాశారు. రెండోదాని మీద ‘మనస్సాక్షి ఓటు’ అని మకుటం, దాని కింద రెండు వరసల్లో పేర్లు. చట్టాన్ని వ్యతిరేకించిన అభ్యర్థులంతా ‘టీమ్ బుహాయ్’, పక్కన టిక్కు. సమర్థించినవాళ్లు ‘టీమ్ పతాయ్’, పక్కన ఇంటూ గుర్తు. బుహాయ్ అంటే బతుకు, పతాయ్ అంటే చావు. మే నెలలో సెనేట్ ఎన్నికలున్నాయి.

మర్నాడే ఎన్నికల అధికారి నుంచి నోటీసు వచ్చింది. ఎన్నికల పోస్టరు 2 అడుగులకి 3 అడుగులు మించకూడదు, మూడు రోజుల్లో తీసెయ్యండి అని. బకోలోద్ మేత్రాణులు (బిషప్) విసెంతె నవర్రా తీయించలేదు. సుప్రీంకోర్టుకి వెళ్లారు.

ఇంతకీ ఆ చట్టం ఏమిటంటే, సర్కారు ఆసుపత్రుల్లో పేదలకి గర్భనిరోధక సాధనాలు ఉచితంగా ఇవ్వాలి, బడిలో పెద్ద పిల్లలకి లైంగిక విషయాల మీద పాఠం ఉండాలి. గర్భస్రావం అంతకుముందులాగే నేరం, అందులో మార్పేమీ లేదు. మనకి ఇందులో గొడవపడే విషయమేముందనిపిస్తుంది. అక్కడ నూటికి దాదాపు 80 మంది కతోలికులు. ఈ బిల్లు పదేళ్లకు పైగా చట్టసభల్లో నానింది.

నేను గుంటూరు జిల్లా ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటి పిల్లని. చిన్నప్పుడు జపమాల ఎంత వచ్చో, పీహెచ్‌సీ గోడ మీది కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం కూడా నాకు అంతే పరిచయం. ఎందుకంటే మా పెద్దమ్మ ఏఎన్ఎం. వారమంతా ఊళ్లమ్మట తిరిగి నిరోధ్ ప్యాకెట్లు పంచేది, లూపు వేయించుకోమని చెప్పేది, కు.ని. ఆపరేషన్ల క్యాంపుకి ఆడవాళ్లని జీపెక్కించేది. ఆదివారం పూజలో పాటల బృందంలో మొదటి గొంతు ఆమెదే. విచారణ గురువులకి, అంటే మా గుడి ఫాదర్‌కి, ఆమె ఉద్యోగమేమిటో తెలియక కాదు. ఆయన ఆ మాట ప్రసంగంలో ఎప్పుడూ ఎత్తలేదు, ఆమె ఆయన ముందు ఎప్పుడూ ఎత్తలేదు. తపస్కాలంలో మా అమ్మ ఒకసారి ఉండబట్టలేక, “అక్కా, పాపసంకీర్తనంలో ఇది కూడా చెప్తావా?” అని అడిగింది. “జీతం తీసుకుని చేసే పని పాపమెట్లా అవుద్దే?” అంది పెద్దమ్మ. ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది, చింతపండు గింజలు తీసే పని మాత్రం కాలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అందులో ఆర్‌సీఎం వాళ్లు లేరని మా పేటలో ఎవరితోనన్నా అని చూడండి, నవ్వుతారు.

శ్రీసభ (కతోలిక చర్చి) బోధ బయటివాళ్లు అనుకునేటట్టు ‘దేవుడిచ్చినంతమందిని కనండి’ అని కాదు. ఎంతమంది కావాలో భార్యాభర్తలు ఆలోచించుకోవచ్చు. పేచీ అంతా దారి దగ్గరే. నెలలో గర్భం నిలవని రోజులు చూసుకోవడం తప్పు కాదని 1951లో 12వ పయస్ పోపుగారు మంత్రసానులతో మాట్లాడుతూ చెప్పారు. కృత్రిమ పద్ధతులు కూడవని 1930లోనే 11వ పయస్ శాసించి ఉన్నారు. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్ర వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో ఒకరైన డాక్టర్ జాన్ రాక్ రోజూ పూజకి వెళ్లే కతోలికుడు. మాత్ర కూడా ప్రకృతి లయనే అనుసరిస్తుంది కదా, దీన్నెందుకు ఒప్పుకోరని 1963లో ఏకంగా పుస్తకమే రాశాడు.

అదే ఏడు రోములో ఈ సంగతి తేల్చడానికి ఒక సంఘం ఏర్పడింది. మొదట చిన్నది. తర్వాత 6వ పౌలు పోపుగారు దాన్ని పెంచి, వేదాంతులతో పాటు డాక్టర్లనీ గృహస్థుల్నీ చేర్చారు. షికాగో నుంచి పాట్, పాటీ క్రౌలీ అనే దంపతులు వెళ్లారు. తమలాంటి కతోలిక జంటలు రాసిన ఉత్తరాలు వెంట తీసుకెళ్లారు. క్యాలెండరు చూసుకుంటూ, భయపడుతూ, ఒకరినొకరు తప్పించుకుంటూ బతకడం ఎలా ఉంటుందో ఆ పెద్దలకి వినిపించింది ఆ ఉత్తరాలే. 1966లో సంఘంలో ఎక్కువమంది బోధ మార్చవచ్చన్నారు. రెండేళ్ల తర్వాత, 1968 జులైలో, పోపుగారి లేఖ ‘హ్యుమానే వీతే’ వెలువడింది. మార్పు లేదు.

లేఖ అందరి చేతికీ అందకముందే అభ్యంతరం లేచింది. వాషింగ్టన్‌లోని కతోలిక విశ్వవిద్యాలయంలో చార్ల్స్ కరన్ అనే గురువు ముందు నిలబడగా, వేదాంతులు పదుల సంఖ్యలో సంతకాలు చేసి, దంపతులు మనస్సాక్షితో వేరే నిర్ణయం తీసుకోవచ్చని ప్రకటించారు. సెప్టెంబరులో కెనడా మేత్రాణులు విన్నిపెగ్‌లో సమావేశమై ఇంచుమించు అటువంటి మాటే మెత్తగా చెప్పారు. అంటే ఇది శ్రీసభకీ బయటివాళ్లకీ తగువు కాదు. మొదటి వారం నుంచీ ఇంటి తగువే. ఇంటి తగువు కాబట్టే చాలా దేశాల్లో మా ఇంట్లోలాగే గుట్టుగా నడిచింది.

ఆ తగువుని గోడకెక్కించే పని ముందు బోధ మారాలనేవాళ్లే గట్టిగా చేశారు. 2001లో ప్రపంచ ఎయిడ్స్ దినానికి వాషింగ్టన్ మెట్రోలో, బస్టాపుల్లో పెద్ద ప్రకటనలు వెలిశాయి. మేత్రాణులు కండోమ్‌ని నిషేధిస్తున్నారు కాబట్టి అమాయకులు చస్తున్నారన్నది వాటి సారాంశం. పెట్టింది ‘కాథలిక్స్ ఫర్ ఎ ఫ్రీ చాయిస్’, ఫ్రాన్సెస్ కిస్లింగ్ నడిపిన సంస్థ. అది కతోలిక సంస్థే కాదని అమెరికా మేత్రాణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. 2005లో కతోలిక యువత జర్మనీలోని కొలోన్ నగరంలో చేరినప్పుడు కూడా ఆ సంస్థ పోస్టర్లు ఎదురొచ్చాయి. మంచి కతోలికులు కండోమ్ వాడతారని వాటి మాట.

ఎయిడ్స్‌తో మనుషులు రాలిపోతున్న రోజుల్లో వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. పోస్టరు మాత్రం నిజంలో సగమే చెప్పింది. అదే 2001 జులైలో దక్షిణాఫ్రికా మేత్రాణులు ఒక ప్రకటన చేశారు. కండోమ్ ప్రచారాన్ని గట్టిగా తప్పుపడుతూనే, భార్యాభర్తల్లో ఒకరికి హెచ్ఐవీ ఉంటే రెండోవాళ్లు ప్రాణం కాపాడుకునే హక్కు గురించి కూడా మాట్లాడారు. రుస్టెన్‌బర్గ్ మేత్రాణులు కెవిన్ డౌలింగ్ ఇంకా ముందుకెళ్లి, ప్రాణం కాపాడటానికైతే కండోమ్ వాడవచ్చని బాహాటంగా చెప్పారు. మేత్రాణుల్లోనే ఇన్ని రకాలుంటే, బస్టాపులో నిలబడ్డవాడికి కనిపించింది ‘మేత్రాణులు’ అనే ఒకే ముద్ద. పన్నెండేళ్ల తర్వాత బకోలోద్‌లో జరిగింది దీనికి తిరగేసిన బొమ్మ. ఈసారి ముద్ద చేసింది మేత్రాణులు, ముద్దయింది విశ్వాసులు.

ఫిలిప్పీన్స్‌లో మాత్రం బిల్లు విషయంలో మేత్రాణులతో అసమ్మతి కూడా గుట్టుగా లేదు. 2010 సెప్టెంబరు 30న మనీలా కథెడ్రల్‌లో ప్రార్థన జరుగుతుండగా కార్లోస్ సెల్‌డ్రాన్ అనే టూరిస్టు గైడు, జాతీయ వీరుడు హోసె రిసాల్ వేషంలో నల్ల కోటూ టోపీతో వచ్చి ‘దమాసో’ అని రాసిన అట్ట ఎత్తి పట్టుకున్నాడు. దమాసో రిసాల్ నవలలో దుర్మార్గపు ఫాదరీ. మతమనోభావాలు గాయపరిచాడని కేసు పెట్టారు, కోర్టు జైలుశిక్ష వేసింది. పై కోర్టుల్లోనూ ఊరట దొరకలేదు. స్పెయిన్ వెళ్లిపోయి, 2019లో మాడ్రిడ్‌లో చనిపోయాడు. 2012 ఆగస్టులో జెస్యూట్‌ల అతెనెయో విశ్వవిద్యాలయంలో 190 మందికి పైగా అధ్యాపకులు బిల్లుని సమర్థిస్తూ సంతకాలు చేశారు. వాళ్ల మీద విచారణ జరపాలని ఒక మేత్రాణులు అడిగారు. యాజమాన్యం తాను మేత్రాణుల పక్షమేనని చెప్పి, అధ్యాపకుల జోలికి పోలేదు. డిసెంబరులో దిగువసభలో కీలకమైన ఓటింగ్ రోజున సమర్థకులు ఊదారంగు, వ్యతిరేకులు ఎరుపు వేసుకుని వచ్చారు. 113కి 104. ఆ నెల 21న అధ్యక్షుడు బెనిగ్నో అకీనో సంతకం చేశాడు. ఫ్లెక్సీ వచ్చింది ఆ తర్వాతే.

2013 మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వడంతో ఎన్నికల దాకా ఫ్లెక్సీని తొలగించలేకపోయారు. 2015 జనవరి 21న తుది తీర్పు జస్టిస్ మార్విక్ లెయోనెన్ రాశారు. ఆ 2 అడుగులు, 3 అడుగుల నిబంధన అభ్యర్థులకీ పార్టీలకీ గానీ ఓటరుకి కాదన్నారు. మేత్రాసనం తన గోడ మీద తన అభిప్రాయం ఆ కొలతతో పనిలేకుండా రాసుకోవచ్చు. ఇది మా మతబోధ కాబట్టి మినహాయించాలన్న వాదన మాత్రం చెల్లలేదు. అభ్యర్థుల పేర్లు రాశాక అది రాజకీయ వాక్కే అని తేల్చారు. ఈ చట్టాన్ని కొన్ని అంశాలు మినహా నిలబెట్టింది కూడా, 2014 ఏప్రిల్‌లో, ఇదే కోర్టు. నాకు రెండు తీర్పులూ నచ్చాయి. మేత్రాణులకి ఫ్లెక్సీ కట్టే హక్కుంది. తన మందలోని వాళ్లనే చావు జట్టు అని రాయడం మాత్రం నాకు మింగుడుపడదు. మా పెద్దమ్మ బకోలోద్‌లో పుట్టి ఎన్నికల్లో నిలబడి ఉంటే ఏ వరసలో ఉండేదో నాకు తెలుసు.

ఓటర్లు ఏం చేశారంటే, ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు. బతుకు జట్టులోని ఆరుగురు సెనేట్ అభ్యర్థుల్లో ఐదుగురు గెలిచారు. మేత్రాణుల మాట పనిచేసిందని చెప్పుకోవడానికి అది చాలు. చావు జట్టు ఏడుగురిలో నలుగురు గెలిచారు, అందులో ముగ్గురు దేశం మొత్తం మీద రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చారు. చట్టం వైపువాళ్లకి అది చాలు. చావు జట్టులో ఓడినవాళ్లలో రీసా హొంటివెరోస్ ఒకరు. చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. ఆమె చదివింది సన్యాసినుల బడిలో, ఆ తర్వాత అతెనెయోలో. 2016లో మళ్లీ పోటీ చేసి సెనేట్‌కి వెళ్లారు.