గట్టుమీది కలుపు, కనురెప్పమీది మంట

హోసూరు నుండి కృష్ణగిరికి పోవు రాజమార్గము ప్రక్కనున్న సూళగిరి పరిసరములలో కొత్తిమీర మళ్లును, టమాటా తోటలును, చామంతి చేలును ఎంత పచ్చగా నుండునో, వాని గట్లమీదను, బాటల యంచులను తెల్లని చిరుపూలతో నిలిచిన వయ్యారిభామయు నంత పచ్చగానే యుండును. వేసవి ముదిరి తొలకరి పడునాటికి నడివయసు రైతులు కొందరి కనురెప్పలు వాచి, మెడయు మోచేతి మడతలును ఎఱ్ఱబాఱి, రాత్రులు నిద్రపట్టనంత దురద పుట్టగా, తిన్న వంకాయ చేసిన పని యనియు, రక్తదోష మనియు ఇంటింట చెప్పుకొందురే కాని, గట్టువైపు చూచువారు తక్కువ.

పార్థీనియమని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ మొక్కకు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు. 1956లో ఆర్. ఎస్. రావు దీనిని పూనాలో గుర్తించి, భారతదేశమునకు క్రొత్తగా వచ్చినదని ప్రకటించెను. దిగుమతి గోధుమలతో గింజలు వచ్చెనని పలువురి నమ్మకము. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. కావున దక్కను నేలలో దీనికి ఎదురు లేకపోయెను. లోంకర్, మిచెల్, కాల్నన్ అను మువ్వురు 1974లో దీనివలని చర్మశోథను గూర్చి వ్యాసము ప్రకటించిరి.

ఆకులను, కాడలను కప్పియుండు సన్నని నూగులో పార్థెనిన్ అను ద్రవ్యము కలదు. మొక్క ఎండి పొడియైనను దాని తీక్ష్ణత పోదు. గాలిలో ఎగిరివచ్చి, బట్ట కప్పని ముఖమునను చెమట నిలుచు మడతలలోను చేరును. ఏండ్ల తరబడి ఏమియు చేయకుండవచ్చును. కాని రక్షకకణములు ఒకనాడు దానిని శత్రువుగా నెంచిన పిమ్మట, పాత పగ మఱవని దాయాదివలె, దేహము దానిని జీవితాంతము మఱవదు. తాకిన క్షణమున కాక ఒకటి రెండు దినములకు మంట పుట్టుటచే, కారణమునకు కార్యమునకు గల సంబంధము రోగికి తోచదు. ఏండ్లు గడచిన కొలది కొందరికి ఎండయే సరిపడకుండును. ముఖచర్మము దళసరియై మడతలు పడును. అట్టివానిని చూచి కుష్ఠు అని జడిసి, పంక్తిలో ప్రక్కన కూర్చుండనివా రున్నచో, అది రోగముకంటె క్రూరమైన అజ్ఞానము. ఇది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు.

ఈ ప్రాంతమునకు తగిన చిక్కు మఱొకటి కలదు. చామంతి, పొద్దుతిరుగుడు వయ్యారిభామకు సగోత్రములు; ఆ జాతి రసాయనములు వానియందును కలవు. అందువలన కలుపు పెఱికించి ఊరట నొందనెంచిన రైతు, పూలు కోసి బుట్టల కెత్తునపుడు మరల మంటపాలగుట కలదు. వీపున పట్టీలంటించి రెండు దినముల తరువాత చూచు పరీక్షచే ఏది సరిపడదో తెలియును. 2022 జనవరిలో కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది గనుక, చర్మవైద్యుని కొఱకు బెంగళూరు వఱకు పోవలసిన పని ఇపుడు కొంత తగ్గవలెను.

మందుల అంగడిలో అడిగి తెచ్చుకొను తెల్లని లేపనము నాలుగు దినములలో ఉపశమన మిచ్చును, అందే మోసము. అందలి స్టెరాయిడ్ నెలల తరబడి పూసిన చర్మమును పలుచబరచును, కనురెప్పలపై మఱింత కీడు చేయును. అట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో నిర్ణయించినను, అంగళ్లలో అడిగిన వానికి దొరకుచునే యున్నవి. రోగము ముదిరినవారికి వైద్యులు అజాథయోప్రిన్ మాత్ర లిచ్చుట కలదు. కాని వానిని వాడునంత కాలము రక్తకణములను, కాలేయమును పరీక్షించుచుండవలెను. సాయంకాలము పొలమునుండి రాగానే స్నానము చేసి బట్టలు మార్చుట, ఉతికిన వానిని గట్టుప్రక్కన ఆరవేయకుండుట చిన్న పనులే యైనను, మందుతో సమానమైనవి.

1984లో ఈ కలుపును అణచుటకై మెక్సికో పురుగు నొకదానిని బెంగళూరు ప్రాంతమున వదలిరి. వానకాలమున అది ఆకులను తినివేయును. ఎండలు ముదిరినపుడు నేలలో దాగి నిద్రించును. కావున పెఱుకుట తప్పదు. ఆ పని మొక్క పూవు పూయకముందే, చేతులకు తొడుగులతో జరుగవలెను; పూచిన పిమ్మట పెఱికిన గింజలు నేల చేరును. రోగి మాత్రము ఆ పనికి దిగరాదు. తన గట్టు బాగుచేయించుకొన్నను ప్రక్క గట్టుమీది పొడి గాలిలో వచ్చునే. పంచాయతీ తొలకరికి ముందే బాటలను, పోరంబోకు నేలలను కలిపి పెఱికించినగాని, ఒక్క కుటుంబపు శ్రమచే ఇది తీరదు.