కుంభాకార కటకంతో ప్రతిబింబ నిర్మాణం: కిరణ చిత్రం – దాని పరిధి

వ్యాస సంగ్రహం: కుంభాకార కటకం ప్రతిబింబాన్ని ఏర్పరచే తీరును పాఠ్యపుస్తకాలు రెండు మూడు కిరణాలతో వివరిస్తాయి. అవి ప్రతిబింబ స్థానాన్ని గుర్తించే సాధనాలే గాని ప్రతిబింబానికి కారణాలు కావని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: కుంభాకార కటకం, నాభ్యంతరం, నిజ ప్రతిబింబం, కిరణ చిత్రం, భౌతికశాస్త్ర బోధన.

1. ఉపోద్ఘాతం

వెలుగుతున్న కొవ్వొత్తి ప్రతిబింబం కటకం ద్వారా తెరపై పడుతున్నది. కటకం పైసగాన్ని నల్ల కాగితంతో మూసివేస్తే ఏమవుతుంది? అమెరికాలో కళాశాల విద్యార్థులను గోల్డ్‌బర్గ్, మెక్‌డెర్మట్ ఇటువంటి ప్రశ్నలతో పరిశీలించి 1987లో ఫలితాలను ప్రకటించారు. ప్రతిబింబంలో సగం మాయమవుతుందని పెక్కుమంది భావించారు. పాఠం విన్నవారిలోనూ ఈ భావన కనిపించింది. కనుక దీని మూలాన్ని బోధనా పద్ధతిలోనూ వెదకవలసి ఉంటుంది.

2. బిందువు నుండి బిందువుకు

వస్తువుపై ప్రతి బిందువు నుండి కాంతి అన్ని దిశలకూ వెలువడుతుంది. అందులో కటకంపై పడే భాగం ఒక శంకువు. బిందువు దాని శీర్షం, కటకం దాని భూమి. కటకం అంచుల వైపు పోయేకొద్దీ దాని రెండు తలాల మధ్య కోణం పెరుగుతుంది. అందువల్ల అంచును తాకిన కిరణం పట్టకంలో వలె ఎక్కువగా, మధ్యభాగాన్ని తాకినది తక్కువగా వంగుతాయి. ఫలితంగా శంకువులోని కిరణాలన్నీ ఆవలివైపు తిరిగి ఒకే బిందువు వద్ద కలుస్తాయి. కంటిలో ప్రతిబింబం ఏర్పడే తీరును యోహానెస్ కెప్లర్ 1604లో ఈ దృష్టితోనే వివరించాడు.

3. కిరణ చిత్రం పరిధి

ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణం నాభి గుండా పోతుంది. దృక్ కేంద్రం గుండా పోయేది వంగదు. ఈ రెండింటినీ ఎన్నుకోవడానికి కారణం, వాటిని గీయడం సులభం కావడమే. కొవ్వొత్తి కటకం కంటే ఎత్తైనదైతే, దాని శిఖరం నుండి అక్షానికి సమాంతరంగా గీసిన కిరణం కటకాన్ని తాకనే తాకదు. అయినా శిఖరానికి ప్రతిబింబం ఏర్పడుతుంది.

నాభ్యంతరం 10 సెం.మీ. అనుకొందాం. వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంటే 15 సెం.మీ. వద్ద సగం పరిమాణంలో తలక్రిందులైన నిజ ప్రతిబింబం ఏర్పడుతుంది. వస్తువును 5 సెం.మీ. దూరానికి తెస్తే, కటకం దాటిన కిరణాలు కలియక విస్తరిస్తూనే పోతాయి. వాటిని వెనుకకు పొడిగిస్తే వస్తువు ఉన్న వైపే 10 సెం.మీ. వద్ద రెట్టింపు పరిమాణంలో నిటారైన మిథ్యా ప్రతిబింబం లభిస్తుంది.

4. రెండు పరీక్షలు

కటకం పైసగాన్ని మూసినా, ప్రతి బిందువు నుండి వచ్చే శంకువులో సగం కిందిభాగం గుండా పోయి అదే చోట కలుస్తుంది. ప్రతిబింబం పూర్తిగానే ఉంటుంది. దాని ప్రకాశం మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. కెమెరా రంధ్రాన్ని చిన్నది చేసినప్పుడు చిత్రం కత్తిరింపునకు గురికాకపోవడానికీ కారణమిదే.

తెరను తొలగించినా నిజ ప్రతిబింబం నశించదు. అది ఉన్న చోటికి సుమారు 25 సెం.మీ. వెనుక, అక్షంపై కన్ను ఉంచి కటకం వైపు చూస్తే గాలిలో నిలిచిన ప్రతిబింబం కనిపిస్తుంది. కిరణాలను కలిపేది కటకం. కలిసిన కాంతిని వెదజల్లి అందరికీ చూపేది తెర.

5. ముగింపు

కిరణ చిత్రాన్ని విడనాడనవసరం లేదు. దానికి ముందు కాంతి శంకువును గీయించి, సగం మూసిన కటకం గురించి విద్యార్థుల చేత ఊహ చెప్పించి, ఆ పిమ్మట ప్రయోగం చూపితే, రెండు గీతల వెనుక ఉన్న అసంఖ్యాక కిరణాలు వారి అవగాహనలోకి వస్తాయి.