వ్యాన్ ఏసీకి ఒక అదనపు స్విచ్

అమెరికాలో పాత ఫోర్డ్ ఎకోనోలైన్ వ్యాన్లు నడిపినవాళ్లకు ఒక వింత బాగా తెలుసు. మండుటెండలో ఏసీ హాయిగా ముఖానికి తగులుతుంటుంది. కొండ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఆ చల్లగాలి కాస్తా ముందు అద్దం మీదికి మళ్లుతుంది. ఎక్కుడు అయిపోయి కాలు తీస్తే మళ్లీ ముఖం మీదికి వస్తుంది. బ్లోయర్ ఆగిందీ లేదు, గ్యాస్ తగ్గిందీ లేదు.

1961 మోడల్‌తో మొదలై 2014 దాకా వచ్చిన ఈ వ్యాన్లలో చాలావాటికి, గాలి ముఖం వైపు పోవాలా, కాళ్ల వైపా, అద్దం వైపా అని తేల్చే చిన్న తలుపులను కదిపేది వాక్యూమ్. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు మ్యానిఫోల్డ్‌లో పుట్టే ఆ పీల్పునే సన్నటి గొట్టాలతో డ్యాష్‌బోర్డు వెనక్కి తెస్తారు. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే పీల్పు దాదాపు ఉండదు. అప్పుడు ఆదుకోవడానికి ఒక నిల్వ డబ్బా, ఒక చెక్ వాల్వ్ ఉంటాయి. వాల్వ్ పాడైనా, గొట్టం ఎండి చిట్లినా తలుపులను స్ప్రింగులు అద్దం వైపు తిప్పేస్తాయి. అది లోపం కాదు, కంపెనీ కావాలని చేసిన ఏర్పాటే. ఏది చెడినా డ్రైవరుకు రోడ్డు కనపడాలి కదా. కాబట్టి ఏవైనా వైర్లు కత్తిరించే ముందు ఆ గొట్టాలు ఒకసారి చూసుకోవడం మంచిది. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది.

వ్యాన్ యజమానులను ఎక్కువగా విసిగించే సంగతి ఇంకొకటుంది. నాబ్‌ను డీఫ్రాస్ట్ వైపు తిప్పితే చాలు, అడగకుండానే ఏసీ కంప్రెసర్ కూడా తిరగడం మొదలెడుతుంది. చలికాలంలో ఏసీ ఏమిటి, పెట్రోలు దండగ అని గొణుక్కోనివాళ్లు తక్కువ. నిజానికి అక్కడ ఏసీ పని చల్లబరచడం కాదు, గాలిని ఆరబెట్టడం. చల్లటి ఎవాపరేటర్ తగలగానే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి అడుగు గొట్టం గుండా కారిపోతుంది. ఆ పొడిగాలి హీటర్ మీదుగా వేడెక్కి అద్దాన్ని చేరుతుంది. వేడిగా ఉన్న పొడిగాలి ఆవిరిని తుడిచిపెట్టినంత వేగంగా ఉత్త వేడిగాలి తుడవలేదు. పైగా చలికాలంలో కూడా అప్పుడప్పుడూ తిరగడం వల్ల కంప్రెసర్‌లోని ఆయిల్ సీళ్లకు అందుతూ ఉంటుంది. గడ్డకట్టే చలిలో మాత్రం లో-ప్రెషర్ స్విచ్ దాన్ని తిరగనివ్వదు.

అయినా డీఫ్రాస్ట్‌కూ కంప్రెసర్‌కూ ఉన్న ఈ బంధాన్ని తెంచాలనుకునేవాళ్ల దగ్గర ఒక గట్టి కారణముంది. కొత్త తరం ఇంజిన్లలో ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్, చాలా వాటిలో వాటర్ పంపు కూడా ఒకే బెల్టు మీద తిరుగుతాయి. బేరింగులు పోయి పట్టేసిన కంప్రెసర్ ఉన్న వ్యాన్‌లో వాన పడి డీఫ్రాస్ట్ పెడితే క్లచ్ పట్టుకుంటుంది, బెల్టు తెగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అద్దం మీద ఆవిరి తుడవబోయి నడిరోడ్డున నిలబడిపోవడమన్నమాట.

అందుకే కంప్రెసర్ లైన్‌లో చిన్న స్విచ్ పెట్టుకుంటారు. పనంతా ఏ వైరు మీద పెట్టాలన్న దానిలోనే ఉంది. క్లచ్ కాయిల్ మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. ఆ ప్రవాహాన్ని నేరుగా డ్యాష్‌బోర్డులోని చిన్న మీట గుండా పోనిస్తే కొన్నాళ్లకు మీట కాలిపోవచ్చు. కంప్యూటరున్న వ్యాన్‌లో ఏసీ కావాలని ఇంజిన్ కంప్యూటరుకు చెప్పే సన్నటి వైరు మీద స్విచ్ పెడితే మేలు. కంప్రెసర్ బరువుకు తగ్గట్టు ఐడిల్‌ను సర్దే పని కంప్యూటరుదే కాబట్టి, క్లచ్ వైరును తెంపితే దానికి సంగతి తెలియదు. క్లచ్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజీ తన్నును మింగే డయోడ్ ఒకటి వైరింగులో ఉంటుంది; మార్పుల్లో దాన్ని పీకి పారేయకూడదు.

ఆపేశాక తెలిసే చిక్కు మరొకటి. ఎవాపరేటర్ మీద అంటుకున్న నీరు ఆవిరవుతూ, బ్లోయర్ గాలితో కలిసి అద్దం మీదికి వస్తుంది. ఏసీ ఆపిన కొద్ది క్షణాల్లో ముందు ఏమీ కనపడకుండా పోవచ్చు. హైవే మీద వేగంగా పోతూ ఆ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

అమెరికా చట్టం ఇందులో ఒక గీత గీసింది. 103వ నంబరు భద్రతా ప్రమాణం ప్రకారం వాహనానికి డీఫ్రాస్టర్ తప్పనిసరి. భద్రతా ఏర్పాట్లను పనిచేయకుండా చేయకూడదన్న ఫెడరల్ నిషేధం తయారీదారులకు, డీలర్లకు, మరమ్మతు దుకాణాలకు వర్తిస్తుంది. సొంత గరాజులో తన బండిని తానే మార్చుకునే యజమానికి కాదు. అలాగని అద్దానికి గాలి పోయే దారినే మూసేస్తే రాష్ట్ర తనిఖీల్లో దొరికిపోవచ్చు.

మన దగ్గర తిరిగే మామూలు కార్లు, వ్యాన్లలో చాలావాటికి ఏసీ బటన్ వేరు, గాలి దిక్కు తిప్పే నాబ్ వేరు. కాబట్టి ఈ స్విచ్ అవసరం రాదు. చిక్కు వేరే రూపంలో వస్తుంది. లంబసింగి చలిలో లోపలి ఊపిరి ఆవిరి అద్దానికి లోపల పడుతుంది, దానికి ఏసీ పొడిగాలే మందు. విశాఖ తీరంలో ఉక్కపోత రాత్రి చల్లగాలిని అద్దం మీదికి వదిలితే, ఐసు నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు అద్దానికి బయట ఆవిరి పడుతుంది. అప్పుడు ఏసీ పెంచేకొద్దీ మసక పెరుగుతుంది. అద్దం మీది చల్లగాలి ఆపి, వైపర్ ఒకసారి తిప్పాలి.