పండుగలకు అరటిపండు బూరెలు, బజ్జీలు
తోటలో మిగిలిన పండును ఇంటికి ఉపయోగపరచు విధానము



కర్నూలు, కడప ప్రాంతములలో ఒక అరటిగెల చేతికి రావలెనన్న దాదాపు ఒక సంవత్సరకాలము బోరు నీటిని, ఎరువును, కూలిని దానిపై పెట్టవలసియున్నది. మహానంది వంటి ఊటనీటి చోట్లను విడిచినచో, పులివెందుల, లింగాల, వేంపల్లె మొదలగు చోట్ల అరటి అనగా బోరుబావి నీరే. అంత ఖరీదైన నీటితో పండించిన పండులో కొంత భాగము ప్రతి కోతలోను బేరము కుదరక తోటలోనే కుళ్ళిపోవుచున్నది. అదే వారములో పండుగ వచ్చును, బంధువులు వత్తురు, మనము అంగడికి పోయి మిఠాయి కొని తెత్తుము. ఒక చేతితో పారవేయుచు ఇంకొక చేతితో కొనుట సంసారమునకు మంచిది కాదు. మిగిలిన అరటిపండుతో పండుగనాడు ఇంటిల్లిపాదికి సరిపడు బూరెలను, బజ్జీలను తక్కువ నూనెతో, ప్రమాదము లేకుండ చేసికొను పద్ధతిని ఇచ్చట తెలుపుచున్నాము.

పండు ఎందుకు మిగులును?

వ్యాపారి పొడవైన, మచ్చలేని, ఒకే ముదురు గల హస్తములను కోరును. దూరప్రాంతములకు, విదేశములకు పోవు సరకులో ఈ ఏరివేత మరింత గట్టిగా ఉండును. 2020 జనవరిలో తాడిపత్రి నుండి ముంబాయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవునకు అరటిపండ్లతో ప్రత్యేకముగా రైలు వెళ్ళినది. అట్టి బేరములు రైతుకు మేలే. కాని గెల చివరనుండు చిన్న హస్తములు, రాపిడి తగిలిన కాయలు ఆ పెట్టెలలోనికి ఎక్కవు.

రెండవ కారణము మన ఎండ. ఇప్పుడు ఎక్కువగా వేయుచున్న గ్రాండ్ నైన్ (జి-9) రకము సుమారు 25 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిలో మాగినచో తొక్క సరిగా పసుపు తిరుగదు. లోపలి గుజ్జు మాత్రము మెత్తబడి తీపెక్కును. ఉగాది, శ్రీరామనవమి దినములలో మనవైపు ఎండ 40 డిగ్రీల దరికి చేరుచుండును గనుక ఇట్టి పండు తరచు కనిపించును. కొనువారు తొక్కను చూచి కాయ అని, చేతితో నొక్కి చూచి చెడిపోయినదని త్రోసివేయుదురు. నిజమునకు అది తినదగిన పండే. పిండివంటకు మిక్కిలి అనుకూలమైనది.

ఏ పండు దేనికి?

పచ్చి అరటికాయలో సుమారు 20 శాతము పిండిపదార్థముండును. కాయ మాగుకొలది అది చక్కెరగా మారి, పూర్తిగా మాగిన పండులో పిండిపదార్థము ఒకటి రెండు శాతమే మిగులును. ఈ ఒక్క సంగతి తెలిసినచో ఏ పండును ఎట్లు వాడవలెనో తెలియును.

1. దోరపండు: తొక్క పసుపు తిరిగి, మొదట చివర కొంచెము పచ్చగా, నొక్కిన గట్టిగా ఉన్నది. ముక్క విరుగదు, నూనెలో త్వరగా మాడదు. ఇది బజ్జీకి తగినది.

2. బాగా మాగిన పండు: తొక్కపై నల్లచుక్కలు పడి, మెత్తగా ఉన్నది. ముక్కగా నిలువదు. దీనిని మెదిపి పిండిలో కలిపి బూరెలు చేయవలెను. దాని తీపి వలన బెల్లము కూడ తక్కువ పట్టును.

3. ముదరని కాయ: వేసవి గాలివానకు తోట పడిపోయినప్పుడు వచ్చునట్టిది. దీనిని మాగవేసినను రుచి రాదు. ఉప్పు, కారముతో శనగపిండి బజ్జీకి గాని కూరకు గాని వాడుకొనవలెను.

తొక్క నల్లబడుట దోషము కాదు. కాని బూజు పట్టినది, పులిసిన వాసన వచ్చునది, రసము కారునది, ఎలుకలు కొరికినది వాడరాదు. వానిని పశువులకు గూడ వేయక ఎరువు గుంటలో వేయవలెను.

పండుగ దగ్గరపడినదని కార్బైడుతో మాగవేయరాదు. అందులో ఆర్సెనిక్, భాస్వరము వంటి విషపదార్థముల జాడలుండును. ఆహార భద్రతా నిబంధనల ప్రకారము అది నిషిద్ధము. నాలుగు మాగిన పండ్లను కాయల నడుమ ఉంచి, గాలి ఎక్కువ ఆడని గంపలోనో, కాగితపు పెట్టెలోనో పెట్టి కప్పినచో, మాగిన పండ్ల నుండి వెలువడు ఎథిలీను వాయువే కాయలను మాగించును.

పండు బజ్జీలు

కావలసినవి: మధ్యరకము దోరపండ్లు 6, గోధుమపిండి 150 గ్రాములు, కొర్రపిండి లేక బియ్యపుపిండి 50 గ్రాములు, చక్కెర ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, నీరు సుమారు 200 మిల్లీలీటర్లు.

కొర్ర మన సీమ పంట. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము కొర్రపై చాలకాలముగా పనిచేయుచున్నది. గోధుమపిండికి ఉండు జిగురు కొర్రపిండికి లేదు. అందుచేత కొంచెము కలిపినచో పై పొర సాగక కరకరలాడును.

పిండ్లను, ఉప్పును, చక్కెరను జల్లించి కలిపి, నీటిని కొద్దికొద్దిగా పోయుచు ఉండలు కట్టకుండ కలుపవలెను. చెంచాను ముంచి తీసినప్పుడు దాని వెనుకభాగమున పలుచని పొర అంటి నిలిచినచో పాకము సరిపోయినట్లు. జారిపోయినచో పిండిని, ముద్దగా అంటినచో నీటిని కొంచెము చేర్చవలెను. ఎక్కువసేపు గిలకొట్టినచో జిగురు పెరిగి బజ్జీ సాగును. కలిపిన పిండిని 15 నిమిషములు కదలింపక ఉంచవలెను.

ఒక్కొక్క పండును నిలువుగా రెండు, అడ్డముగా రెండు చేసి నాలుగు ముక్కలు కోయవలెను. మొత్తము 24 ముక్కలగును. ముందుగా కోసి పెట్టినచో నల్లబడును. కావున నూనె కాగిన తరువాతనే కోయవలెను. తప్పనిచో కొంచెము నిమ్మరసము రాయవచ్చును. ముక్కలపై పొడిపిండిని పలుచగా చల్లి, ఆ తరువాత జారుపిండిలో ముంచినచో పొర ఊడిపోదు.

పండు బూరెలు

కావలసినవి: బాగా మాగిన పండ్లు 4 (తొక్క తీసిన గుజ్జు సుమారు 400 గ్రాములు), గోధుమపిండి 250 గ్రాములు, కొర్రపిండి లేక బొంబాయి రవ్వ 50 గ్రాములు, బెల్లపు పొడి 75 గ్రాములు, నెయ్యి ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. కొబ్బరి కోరు ఉన్నచో ఒక పిడికెడు వేయవచ్చును.

పండును చేతితో మెత్తగా మెదిపి, బెల్లము వేసి అది కరగువరకు కలుపవలెను. పిదప పిండ్లను, నెయ్యిని, మిగిలినవానిని చేర్చవలెను. నీరు పోయనక్కరలేదు. పండులోని నీరే చాలును. ముద్ద గారెలపిండి కంటె కొంచెము జారుగా, వేళ్ళతో తీసి వదలినచో ముద్దగా పడునట్లుండవలెను. అరగంట నాననిచ్చి, చిన్న ఉసిరికాయంత ప్రమాణములో నూనెలో వదలవలెను. సుమారు 30 బూరెలగును.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. బెల్లము ఎక్కువైనచో బూరె నూనెలో విచ్చిపోవును, పైన నల్లబడి లోన పచ్చిగా ఉండును. సోడా ఉప్పు ఎక్కువైనచో బూరె గుల్లబారి నూనె త్రాగును, చేదు వాసన కూడ వచ్చును. సోడా లేకున్నను ఈ బూరె మెత్తగానే వచ్చును.

నూనె, మంట

నూనెతో చేసిన వంటలలో ఖర్చంతయు నూనెదే. కనుక అది ఎట్లు పీల్చబడునో తెలిసికొనవలెను. బూరె వేగుచున్నంతసేపు దానిలోని నీరు ఆవిరియై బయటికి తన్నుకొని వచ్చుచు నూనెను లోనికి రానీయదు. నూనెలో ఎక్కువ పాలు లోనికి పోవునది, బూరెను పైకి తీసిన తరువాత అది చల్లారుచున్నప్పుడే. ఆవిరి చల్లబడగానే పైన అంటియున్న నూనెను అది లోనికి లాగుకొనును. కావున తీసిన వెంటనే జల్లిగరిటెలో నూనెపైననే కొన్ని క్షణములు ఆడించి, నూనె ఓడ్చి, ఆ తరువాత కాగితము పరచిన పళ్ళెములో ఒక వరుసగా పరువవలెను. వేడిగా ఉండగా గిన్నెలో కుప్పపోసినచో ఆవిరికి మెత్తబడి నూనె కారుచుండును.

వేడి 165 నుండి 175 డిగ్రీల మధ్య ఉండవలెను. కొలమానము లేనివారు ఒక పిండిచుక్క వేసి చూడవలెను. అడుగుకు పోయి అక్కడనే నిలిచినచో నూనె కాగలేదు. వేసిన వెంటనే పైకి వచ్చి ఎర్రబడినచో ఎక్కువ కాగినది. చిన్న బుడగలతో నెమ్మదిగా పైకి తేలినచో సరియైన వేడి. పండులో చక్కెర ఎక్కువ గనుక మిరపకాయ బజ్జీకి ఉంచునంత మంట దీనికి పనికిరాదు. ఒకేమారు బాండ్లి నిండ వేసినచో నూనె చల్లబడి, పిండి ఉడుకునే గాని వేగదు. ఐదారు చొప్పున వేయవలెను.

మనవైపు శెనిక్కాయల నూనె, బుడ్డల నూనె అని పిలుచు వేరుశనగ నూనె ఈ వంటకు తగినదే. గానుగ నూనె శుద్ధిచేసిన నూనె కంటె ముందుగా పొగ తీయును. కావున దానిని పొగ వచ్చువరకు కాచరాదు.

ఒకమారు వాడిన నూనెను చల్లార్చి, గుడ్డతో వడకట్టి, మూతపెట్టి, రెండు మూడు దినములలో కూరలకు, పోపులకు వాడివేయవలెను. మరల మరల కాచి పిండివంటలు చేయుట, పాత నూనెలో క్రొత్త నూనె కలుపుట మంచిది కాదు. నూనె కాగిన కొలది దానిలో చెడు పదార్థములు పెరుగును. ఇవి 25 శాతమునకు మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుండి దేశమంతట నియమము అమలులోనికి వచ్చినది. ఇంటిలో కొలుచుటకు వీలులేదు గాని, రంగు నల్లబడుట, జిగటగా మారుట, నురుగు కట్టుట, త్వరగా పొగ తీయుట గుర్తులు.

ఇతర ఫలములు

బొప్పాయి, బేనీషా మామిడి దోరగా ఉన్నప్పుడు వ్రేలెడు ముక్కలు కోసి, తడి తుడిచి, పైన చెప్పిన బజ్జీ పిండిలో వేయవచ్చును. పూర్తిగా పండినవి నీరు వదలి నూనెను చిటపటలాడించును. వానిని ఊరక తినుటయే మేలు. కర్నూలు కొండలలో దొరకు సీతాఫలమును ఈ వంటకు వాడరాదు. దాని గుజ్జు బాగా వేడి తగిలినచో చేదెక్కును.

ప్రమాదము రాకుండ

పండుగనాడు ఇల్లు జనముతో నిండియుండును. పిల్లలు పరుగులు తీయుచుందురు. కాగిన నూనె దగ్గర ఒక్క క్షణపు ఏమరుపాటు జీవితకాలపు గాయమగును.

- బాండ్లిలో సగమునకు మించి నూనె పోయరాదు. పొయ్యి కదలని చోట, నడకదారికి దూరముగా ఉండవలెను.
- పైటకొంగు బిగించి, నూలు బట్టలు కట్టుకొని వేయించవలెను. పొయ్యి దగ్గర పెద్దవారొకరు ఎప్పుడును ఉండవలెను. ఈ పనిని ఇంటి ఆడవారిపైననే వేయక మగవారును పంచుకొనవలెను.
- నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. మంట ఆర్పి, బాండ్లిపై బిగువైన మూత పెట్టవలెను. బాండ్లిని ఎత్తి బయటికి మోయరాదు.
- నూనె చర్మముపై పడినచో 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచవలెను. సిరా, పసుపు, పళ్ళపొడి పూయరాదు. గాయము పెద్దదైనను, ముఖముపై పడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నిలువ, పంపకము

బజ్జీలు వేడిగా ఉన్నప్పుడే రుచి. చేసిన పూటనే తినవలెను. బూరెలు మరునాటి వరకు ఉండును. పండు తడి ఉన్నందున ఇవి అత్తిరాసలవలె వారముల తరబడి నిలువయుండవు. మూటకట్టి దూరపు చుట్టములకు పంపరాదు. చక్కెర వ్యాధి గలవారు ఒకటి రెండింటితో సరిపెట్టుకొనవలెను. తిరునాళ్ళలో పెట్టి అమ్మదలచినవారు ముందుగా ఆహార భద్రతా శాఖవారి వద్ద నమోదు చేసికొనవలెను.

ఉగాదినాడు దేవుని కడపకు హిందువులతో పాటు ముస్లిములును వెళ్ళు సీమ మనది. పీర్ల పండుగకు, రంజానుకు, సంక్రాంతికి ఒకరి ఇంటి వంటకము ఇంకొకరి ఇంటికి పోవుచుండును. ఈసారి ఆ పళ్ళెములో మీ తోట పండు ఉండవలెను. కోతనాడే, వ్యాపారి ఏరి విడిచిన హస్తములను తోటగట్టున వదలక ఇంటికి తెచ్చి, పైన చెప్పిన మూడు తరగతులుగా వేరుచేయవలెను. వాడినది ఎంత, ఇరుగుపొరుగునకు పంచినది ఎంత, పారవేసినది ఎంత అని ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. రెండు కోతలు గడిచిన పిమ్మట ఆ లెక్కను చూచినచో మీ బోరు నీటిలో ఎంత భాగము వృథాగా పోవుచుండెనో మీకే తెలియును.