పుట్టినప్పుడు బాగున్న బిడ్డకు ఆరో నెలలో జబ్బేమిటి?

"పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగా, చలాకీగా వుందండీ. ఆర్నెల్లు నిండాయో లేదో చేతులూ కాళ్ళూ వాచి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. రక్తం పరీక్ష చేసి సికిల్‌ సెల్‌ జబ్బన్నారు. పుట్టుకతో వచ్చేదైతే పుట్టినప్పుడే ఎందుకు కనిపించలేదు?"

ఈ జబ్బున్న పిల్లల తల్లులకు కలిగే సందేహమిది. న్యాయమైన సందేహమే. మన కణాలు జన్యువులను ఎలా దాచుకుంటాయో, ఎలా చదువుకుంటాయో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

మీ శరీరంలో ఒక్కొక్క కణంలో సుమారు 2 మీటర్ల డి.ఎన్‌.ఏ. దారం వుంటుంది. కంటికి ఆనని కేంద్రకంలో అదంతా ఇమడాలి. అందుకని ఆ దారం హిస్టోన్లు అనే మాంసకృత్తులతో తయారైన కండెలకు చుట్టుకుని వుంటుంది. ఒక్కొక్క కండెలో 8 హిస్టోన్లు. వాటి చుట్టూ దారం దాదాపు రెండు చుట్లు. ఇలా కండెలకు చుట్టుకున్న దారాన్నే క్రొమాటిన్‌ అంటారు. ఈ కండెల అమరికను 1974లో రోజర్‌ కోర్న్‌బర్గ్‌ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు.

జన్యువంటే ఈ దారంలో ఒక భాగం. ఫలానా మాంసకృత్తును ఇలా తయారు చెయ్యమని చెప్పే చీటీ లాంటిది. ఒక ఎంజైము దారం వెంట నడుస్తూ ఆ చీటీకి ఆర్‌.ఎన్‌.ఏ. అనే నకలు రాసుకుంటుంది. దారం బిగుతుగా చుట్టి వుంటే ఆ ఎంజైముకు మొదలుపెట్టడానికే చోటు దొరకదు. అందుకని చదవవలసిన చోట కణం హిస్టోన్లకు ఎసిటైల్‌ అనే చిన్న రసాయనాన్ని తగిలించి పట్టు సడలిస్తుంది. కండెలను పక్కకు జరుపుతుంది. అవసరం తీరాక ఆ ఎసిటైల్‌ను ఊడదీసి మళ్ళీ బిగిస్తుంది. చలికాలం పోగానే మనం రగ్గులు మడిచి ట్రంకుపెట్టెలో పెడతాం. అంతేగాని పారెయ్యం గదా!

ఇప్పుడు బిడ్డ సంగతి చూద్దాం. ఎర్ర కణాల్లో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్‌. తల్లి కడుపులో వున్నప్పుడు బిడ్డకు ఒక రకం హిమోగ్లోబిన్‌ వుంటుంది. పుట్టే రోజులు దగ్గరపడినప్పటి నుంచీ శరీరం ఆ పసినాటి జన్యువును క్రమంగా మడిచిపెట్టి, పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్‌ జన్యువును చదవడం ఎక్కువ చేస్తుంది. సికిల్‌ సెల్‌ జబ్బులో లోపం ఈ రెండో జన్యువులోనే వుంది. ఒక్క అక్షరం తప్పు! దానివల్ల ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. నొప్పులూ, వాపులూ అందుకే. పసినాటి హిమోగ్లోబిన్‌ తగినంత వున్నన్నాళ్ళూ అది బిడ్డను కాపాడింది. ఆరో నెలకు చాలావరకు తరిగిపోయింది. ఇది తల్లి పాల దోషం కాదు, దిష్టీ కాదు.

మడిచిపెట్టిన జన్యువు లోపలే వుంది కాబట్టి దాన్ని మళ్ళీ చదివించవచ్చు. హైడ్రాక్సీయూరియా అనే మందు చాలామందిలో పసినాటి హిమోగ్లోబిన్‌ను పెంచి నొప్పులను తగ్గిస్తుంది. ఆ జన్యువును మూసివుంచడంలో బి.సి.ఎల్‌.11ఏ అనే మాంసకృత్తుది ముఖ్యపాత్ర. రోగి సొంత మూలకణాల్లో దాని తయారీని తగ్గించి, ఆ కణాలను తిరిగి ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్‌, అమెరికాలు అనుమతినిచ్చాయి. కాని దాని ఖర్చు సామాన్యులు భరించలేనిది.

మరి మీరు చెయ్యవలసిందేమిటి?

హైడ్రాక్సీయూరియాను డాక్టరు చెప్పినట్లే వాడండి. నొప్పి లేదు గదా అని సొంతంగా మానెయ్యకండి. మధ్య మధ్య రక్తపరీక్ష తప్పనిసరి. బిడ్డకు 101 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆయాసం వచ్చినా, పొట్ట ఎడమవైపు ఉబ్బినా, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయినా అంతే. టీకాలన్నీ వేయించండి. మంచినీళ్ళు బాగా తాగించండి, చలి తగలనివ్వకండి.

తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఈ లోపం ఒక్కొక్క పాలు వుంటే, వాళ్ళు ఆరోగ్యంగానే కనిపిస్తారు. కాని ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. భారత ప్రభుత్వం 2023లో ప్రారంభించిన కార్యక్రమం కింద 40 ఏళ్ళ లోపువారికి పరీక్షలు చేస్తున్నారు. పెళ్ళికి ముందు జాతకాలు చూపించుకునేవారు చూపించుకోండి. రక్తం మాత్రం తప్పకుండా చూపించుకోండి.